ఇన్‌స్పెక్టరు తాగిన నీళ్ళు

ప్రాథమిక హక్కుల పాఠం చెప్పిన రోజు నాకు అన్నం సయించేది కాదు. పాఠం మంచిదే, చెప్పే చోటే బాగాలేదు. అరవైల మొదట్లో నేను కృష్ణపట్నం వైపు ఉప్పు కయ్యల పక్కనున్న ఒక ఊళ్ళో సోషల్ అయ్యవారిని. అంటరానితనం నేరం అని బోర్డు మీద రాసి ఇటు తిరిగితే కిటికీలోంచి వరండా కనిపించేది. అక్కడ నీళ్ళ కుండ. పిల్లలు ఎవరికి వారు గ్లాసు ముంచుకుని తాగేవాళ్ళు. ఒక్క యానాదుల పిల్ల మాత్రం మెట్ల కింద నిలబడి దోసిలి పడితే, ఆయా పైనుంచి పోసేది. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారి పావడా తడిసేది. ఆ తడి పావడాతోనే వచ్చి కూర్చుని నా పాఠం వినేది.

ఆ ఊరి బావులన్నీ ఉప్పన. మంచినీళ్ళకు ఏటి ఇసుకలో చెలమ తవ్వాల్సిందే. ప్రతి వేసవిలో ఆ చెలమ తవ్వేది ఆ పిల్ల నాన్న. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి చేతులతో ఇసుక తోడేవాడు. అప్పుడు ఆ నీళ్ళకు మైల లేదు. అవే నీళ్ళు బడి కుండలోకి వచ్చాక ఆయన కూతురు గ్లాసు ముంచితే మైల. ఈ లెక్క కనిపెట్టిన వాడి బుర్రకు దండం పెట్టాలి.

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు రాగానే మా హెడ్మాస్టరుకు ఒక ఆలోచన తట్టింది. ఆ పిల్ల చేత హక్కుల పాఠం అప్పజెప్పించి, ఆమె చేతులతోనే కుండలో నీళ్ళు ముంచించి ఇన్‌స్పెక్టరుకు ఇప్పించాలట. చేస్తే రోజూ అలాగే చెయ్యండి, ఒక్క రోజుకైతే వద్దు అన్నాను. ముందు ఆ దినం గడవనీవయ్యా అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, దేనికీ కాదనడు, ఏదీ చెయ్యడు.

ఆ రోజు ఆ పిల్ల తలకు నూనె రాసుకుని, బిగించి జడ వేసుకుని వచ్చింది. పాఠం తడుముకోకుండా చెప్పింది. గ్లాసు ముంచి తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు గటగటా తాగేసి, మా బడి జిల్లాకే ఆదర్శం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఆయన ఊరి పెద్ద ఇంట్లో కోడికూరతో భోంచేసి జీపు ఎక్కాడు. జీపు లేపిన దుమ్ము అణగకముందే ఆయా ఆ కుండను పాతగుడ్డతో పట్టుకుని కంచె అవతల పగలగొట్టి వచ్చింది. ఆ పిల్ల అప్పటికే సంతోషంగా ఇంటికి వెళ్ళిపోయింది. అది ఒక్క రోజు వేషమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు వరండాలో కొత్త కుండ. విరామం గంట కొట్టగానే ఆ పిల్ల మెట్లెక్కి, నిన్నటిలాగే గ్లాసు ముంచింది. పాఠం నిజమని నమ్మింది, అంతే. ఆయా ఆమె చేతిలో గ్లాసు లాగి విసిరేసింది. హెడ్మాస్టరు బెత్తం తెచ్చి ఆ చేతుల మీదే కొట్టాడు. నిన్న ఆయనే అందరికీ చూపించి మెచ్చుకున్న చేతులు.

సాయంత్రానికి ఊరి పెద్దలు యానాదుల గుడిసెల దగ్గరికి వెళ్ళివచ్చారు. మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల నాన్న బడి ముందు ఎండలో చేతులు జోడించి నిలబడ్డాడు. అందరి ఎదుటా కూతురి చేత, ఇంకెప్పుడూ ముట్టను అనిపించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఆ కుండలోనే గ్లాసు ముంచుకుని తాగాను. హెడ్మాస్టరు నవ్వాడు. మాది కిరస్తానీ కుటుంబం. ఎన్ని తరాలుగా ప్రార్థనకు వెళ్ళినా ఊరి లెక్కలో నేను మాలపల్లి వాణ్ణే. స్టాఫు గదిలో నా గ్లాసు ఎప్పుడూ కిటికీలో విడిగా ఉండేది. ఆయా పాతగుడ్డ తెచ్చి ఆ కుండనూ పట్టుకుపోయింది. నా కోపం వల్ల ఊరికి జరిగిన నష్టం ఒక మట్టి కుండ.

ఆ పిల్ల బడి మానేసింది. నేను రెండుసార్లు కబురు పెట్టినా రాలేదు. తల్లితో కలిసి కాలువలో పీతలు పడుతోందని పిల్లలు చెప్పారు.

మరుసటి ఏడు ఇన్‌స్పెక్టరు మళ్ళీ వస్తానన్నాడు. పై అధికారిని వెంటబెట్టుకుని వస్తాడట, ఆ యానాది పిల్లను ఆయనకు చూపించాలట. హెడ్మాస్టరు నన్ను గుడిసెలకు వెళ్ళి పిలుచుకు రమ్మన్నాడు. ఆ ఒక్క రోజు కోసమైతే నేను వెళ్ళేవాణ్ణి కాదు. రోజూ రమ్మని అడగడానికి వెళ్ళాను.

తల్లి గుడిసె ముందు వల బాగుచేసుకుంటోంది. పిల్ల పక్కన కూర్చుని తట్టలో పీతలు ఏరుతోంది, నేను వచ్చినా తల ఎత్తలేదు. పిల్లకు చదువు బాగా వస్తుంది, రోజూ పంపించమని అడిగాను. ఇన్‌స్పెక్టరు వస్తున్న సంగతీ దాచకుండా చెప్పాను. తల్లి వలలో తెగిన చోట ఇంకో ముడి వేసింది.

"ఇంత దూరం వచ్చినారు, పంపిస్తానయ్యా," అంది. "ఏ దినం తాగొచ్చో, ఏ దినం తాగకూడదో మాత్రం ముందే చెప్పండి. బిడ్డకి తెల్దు."

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే కొంత ఓర్చుకునేవాణ్ణి. బిడ్డకు మళ్ళీ దెబ్బలు తగలకుండా దారి అడిగింది, అంతే. బడికి తిరిగి వచ్చాను.

హెడ్మాస్టరు సిగ్గుపడాలని ఆ మాట అక్షరం పొల్లుపోకుండా ఆయనకు వినిపించాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

"అయితే వస్తాదన్న మాట," అన్నాడు. "ముందు దినమే చెప్పి పంపిద్దాంలే."