ఆగిన పనికీ ఒక గీత

మా ప్లానింగ్ సార్ పోయిన ఆదివారం చిట్యాలలో తన ఇంట్లో కన్నుమూశారు. దుఃఖం కొంత తగ్గాక నెమ్మదిగా రాయాల్సిన మాటలివి. కానీ ఈ నెలాఖరుకు మా ఆఫీసులో పాత సాఫ్ట్‌వేర్‌ను మూసేస్తున్నారు. సార్ సగంలో వదిలిన పని ఒకటి అందులోనే ఉండిపోయింది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మన కంపెనీ పత్రిక కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. ఊళ్లకు తాగునీటి పైపులు వేయడం మన పని. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తవ్వాలి, పైపు ఎప్పుడు దించాలి, ఎంతవరకు అయింది అన్నదంతా కంప్యూటర్‌లో గీతలుగా ఉంటుంది. పని నడిచిన రోజులకు నీలి గీత, ఆగిన రోజులకు తెల్ల జాగా. ఆ గీతలన్నీ సార్ చేతి మీదుగానే వెళ్లేవి.

మాది మహబూబ్‌నగర్ దిక్కు. మా ఇంట్లో బడి మెట్లెక్కినవాళ్లలో నేనే మొదటిదాన్ని. ఉద్యోగంలో చేరిన రోజు సార్ నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి అడిగారు.

“మీ నాయిన ఏం జేస్తడు బిడ్డా?”

“గుంపుల పని సార్. మేస్త్రి ఎంట పదిమందితోటి పోయి పైపులకు కాలువలు తవ్వుతడు.”

“అయితే సగం పని నీకు తెల్సినట్టే. ఆడ తవ్వింది ఈడ గీస్తం, గంతే.”

నాకు అప్పటిదాకా ఉన్న భయం ఆ మాటతో సగం పోయింది.

ఎవరైనా వచ్చి “తొంభై శాతం అయింది సార్” అంటే, “మిగిలిన పది ఏ ఊర్ల ఉందో జెప్పు” అనేవారు. శాతాల మీద ఆయనకు నమ్మకం తక్కువ. సొరుగులో ఎప్పుడూ వేయించిన పల్లీలుండేవి. ఎండాకాలమైనా సరే, ఫోన్‌లో సైట్ వాళ్లతో మాట్లాడేటప్పుడు చప్పుడుకు మాట వినబడదని లేచి ఫ్యాన్ బంద్ చేసేవారు. చెమటలు తుడుచుకుంటూ మేం గొణిగితే, “గాలి అవుతల, మాట ముందు” అని నవ్వేవారు.

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు, పాత ప్లాన్లన్నీ అందులోకి మార్చే పని మా ఇద్దరికీ ఇచ్చారు. సార్ మొదట చెప్పిన మాట: “ముందుగాల నకలు పంపు. అసలుది ఇంట్లనే ఉండాలె.” అలాగే ఒక ఫైల్ నకలును కొత్తదానిలోకి పంపాం. నేర్పడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన అబ్బాయి తెర చూసి, “అన్నీ వచ్చేశాయి సార్!” అన్నాడు.

“వచ్చినయి సరే తమ్మీ. రానియి ఏందో సూద్దాం.”

పాతదీ కొత్తదీ పక్కపక్కన తెరిచారు. మొదలైన తేదీ సరిపోయింది, ముగిసిన తేదీ సరిపోయింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. సార్ మాత్రం గీతల్ని చూడటం లేదు, వాటి మధ్య తెల్ల జాగాల్ని వెతుకుతున్నారు. కొత్తదానిలో అవి లేవు. రెండు ముక్కల నీలి గీత ఒకే పొడుగు గీతయింది.

“గీడ ఏమైందో యాదికున్నదా?”

ఉంది. గొర్ల బాటకు అడ్డంగా కాలువ తవ్వితే గొర్రెపిల్లలు అందులో పడుతున్నాయని కాపరులు మొత్తుకున్నారు. మందలు దాటిపోయేదాకా పని ఆపమని చెప్పింది మన ఆఫీసే.

“ఇప్పుడు సూడు, ఆగిన దినాలు గూడ పనిల కలిసినయి. గింత పనికి గిన్ని దినాలా అంటరు. గుంపుకు సుస్తోళ్లని పేరొస్తది.”

వచ్చే విడత పని ఎవరికివ్వాలో పెద్దవాళ్లు ఈ గీతలు చూసే తేలుస్తారు. ఆ పేరు పడితే గుంపుకు పని దొరకదు.

సార్ ఆ పనిని రెండుగా విడగొట్టించారు. మధ్యలో ఇంకో గీత పెట్టి, దాని పేరు ‘ఆగింది: గొర్ల బాట’ అని రాయించారు. రిపోర్టు పొడుగైపోతుందని హైదరాబాద్ అబ్బాయి అంటే, “కానియ్యి. మాట పడేది నువ్వా, మేస్త్రినా?” అన్నారు.

తర్వాత ఫ్యాన్ బంద్ చేసి, గుంపు మేస్త్రికి ఫోన్ కలిపి, కొత్త ప్లాన్ మొత్తం చదివి వినిపించారు. మేస్త్రికి నవ్వాగలేదు.

“పెండ్లిల సదివింపులు సదివినట్టే ఉన్నది సారూ!”

“నువ్వు పెట్టిందే సదువుతున్న. తక్కువ సదివితే జెప్పు మల్ల.”

ప్రతి ఫైల్‌నూ అలాగే మార్చాం. చదివి వినిపించకుండా ఒక్కటీ పంపలేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పాను. మా నాయిన, “మేం ఎందుకు ఆగినమో గూడ రాస్తరా?” అన్నాడు.

చివరికి ఒక్క ఫైల్ మిగిలింది, రామన్నపేట నుంచి ఆలేరు దిక్కు వేసిన లైనుది. అందులో కొన్ని తెల్ల జాగాలకు కారణం రాసి లేదు. సార్ అప్పటికి ఇంకా ప్లానింగ్‌కు రాలేదు, వేరే పని చూసేవారు, ఆయనకూ తెలియదు. కనుక్కుందామనుకునేలోపు జబ్బుపడ్డారు. దవాఖానకు వెళ్లినప్పుడు నా చేయి పట్టుకుని అడిగింది ఆ ఫైల్ గురించే.

“గా ఫైలు కొత్తదాంట్లకు జరుపకు బిడ్డా. ఆళ్లను అడిగినంక జరుపు.”

“ఆ మేస్త్రి నంబర్ కలుస్తలేదు సార్.”

“మేస్త్రి ఒక్కడే తవ్విండా ఏంది?”

నేను విన్న ఆయన చివరి మాట అదే.

ఆ లైనులో తవ్వినవాళ్లు, పైపు దించినవాళ్లు, జీపు నడిపినవాళ్లు, వండిపెట్టినవాళ్లు మీలో ఉంటారు. చదవగలిగినవాళ్లు దీన్ని చదవనివాళ్లకు వినిపించండి. పని ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది? వానకా, రాయి తగిలా, ఎవరి చేనైనా అడ్డమొచ్చా? ఒక్క మాట చాలు. ఊహించి రాయడం నాకు ఇష్టం లేదు, సార్ ఒప్పుకోరు కూడా.

ఇరవై ఐదో తేదీ లోపు ఆఫీసుకు ఫోన్ చేయండి. ఫ్యాన్ బంద్ చేసి వింటాను.