ముహూర్తానికి పాలు లేవు

మా ఊరికి చలికాలం తుఫాను ముందు ఫోన్లలో వస్తుంది. ఆకాశంలోకి రావడానికి ఇంకో వారం పడుతుంది. ఆ వారమంతా జనం ఒకరినొకరు భయపెట్టుకుంటూ హాయిగా గడిపేస్తారు. అమెరికాలో, క్యారీ అనే పట్నానికి గంట దూరంలో ఉన్న చిన్న ఊరు మాది. మంచు ఎప్పుడో గానీ కురవదు కాబట్టి, చిటికెడు కురిసినా బడులు, ఆఫీసులు మూసేస్తారు.

ఆ సోమవారం మా ఆయన ఫోన్ చూస్తూ, "శనివారం ఐస్ స్టార్మ్ అంటున్నారు" అన్నాడు. శనివారం మా గృహప్రవేశం.

ముహూర్తం పెట్టించింది నాన్న. అది దాటితే మూఢం, మళ్ళీ ఎండలు ముదిరేదాకా మంచిరోజు లేదు. నాన్న ఇండియాకి తిరుగు ప్రయాణం ఆ పై వారమే. ఆయన ఉద్యోగమంతా బదిలీలే, ఎక్కడికి వెళ్ళినా అద్దె ఇల్లే. ప్రతి అద్దె ఇంట్లోనూ సామాను దించకముందే అమ్మ ఇత్తడి గిన్నెలో పాలు పొంగించేది. సొంత ఇంట్లో పొంగించకుండానే పోయింది. ఆ గిన్నెను నాన్న పంచెల మధ్య చుట్టి, ఆవకాయ మానుకుని మరీ పెట్టెలో పెట్టుకొచ్చాడు. అందులో పాలు పొంగడం కళ్ళారా చూసి వెళ్ళాలన్నదొక్కటే ఆయన కోరిక.

మంగళవారానికి తుఫాను బాగా బలిసింది. బుధవారం ఉత్తరానికి పోయిందన్నారు. గురువారం మనసు మార్చుకుని వెనక్కి వచ్చింది. "రోజుకో మాట చెప్పేవాళ్ళని నమ్ముతారు గానీ, ఏడాది ముందే అచ్చేసిన పంచాంగాన్ని నమ్మరు" అని నాన్న మమ్మల్ని దెప్పాడు. అదే పంచాంగం చూసి ముహూర్తం పెట్టిన పంతులుగారు మాత్రం ఆ సాయంత్రమే ఫోన్ చేసి, వీడియో కాల్‌లో చేయిస్తానన్నారు. ఆయన నమ్మకం కారు టైర్ల దాకా రాలేదు. పిలిచిన వాళ్ళందరూ కూడా వాట్సాప్‌లో దండాల బొమ్మలు పెట్టి తప్పుకున్నారు.

తుఫాను కబురు వినగానే పాలూ బ్రెడ్డూ కొనడం ఇక్కడివాళ్ళ ఆచారం. మేమెంత నవ్వుకున్నామో! కరెంటు పోతే ముందు విరిగేవి పాలే కదా, వాటినే డబ్బాలకు డబ్బాలు మోసుకుపోవడం ఏమిటని. నవ్వుతూనే బుధవారం స్టోర్‌లో నేనూ ఒక గ్యాలన్ తీసి బండిలో పెట్టాను. నాన్న దాన్ని వెనక్కి పెట్టించాడు. "శుభకార్యానికి నిలవ పాలేంటమ్మా? ముందురోజు తాజావి కొందాం." సీలు తీయని డబ్బా ఏ రోజు కొన్నా ఒకటేనని చెప్పాను. ఆయన వినలేదు.

శుక్రవారం వెళ్ళేసరికి పాల అరలు ఊడ్చిపెట్టినట్టున్నాయి. ఊళ్ళో షాపులన్నీ తిరిగాం. అప్పటికే చినుకులు రోడ్డు మీద గడ్డకడుతున్నాయి, క్యారీ దాకా పోయే ధైర్యం ఎవరికీ లేదు. మిగిలినవి ఓట్స్ పాలు, బాదం పాలు. మా ఆయన బాదం పాల డబ్బా చేతిలోకి తీసుకుని, "మామయ్యగారూ, ఇవి కూడా పొంగుతాయేమో" అన్నాడు.

"ఇవి ఏ ఆవు ఇచ్చింది బాబూ?"

నాన్న ఎకసెక్కంగా అనలేదు, నిజంగానే అడిగాడు. కార్‌లో కూర్చున్నాక, "నేనే పట్టుబట్టి వెనక్కి పెట్టించాను" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కొత్త ఇంటి పక్కన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. ఆవిణ్ణి అడుగుతానంటే నాన్న ఒప్పుకోలేదు. "సొంతింట్లో మొదటి పని పొరుగింట్లో పాలు అడుక్కోవడమా?" అన్నాడు. ఆయన్ని కార్‌లో ఉంచి నేను వెళ్ళాను. ఆవిడ ఫ్రిజ్ నిండా పాలే. ఇన్ని ఎలా తాగుతారని అడిగితే, తనకు పాలు పడవని, ఎప్పుడూ తాగనని చెప్పింది. మరెందుకు కొన్నారంటే, నన్ను వింతగా చూసి, తుఫాను వస్తోంది కదా అంది. ఆ జవాబు విన్నాక నాన్నకీ ఆవిడకీ బాగా కుదురుతుందనిపించింది. రేపు తప్పకుండా రండని పిలిచి, ఒక గ్యాలన్ తెచ్చుకున్నాను. పాలిచ్చినావిడ వస్తోందంటే అది అడుక్కోవడం కిందికి రాదని నాన్న తీర్పు చెప్పాడు.

శనివారం వీధి అద్దంలా ఉంది. మా అపార్ట్‌మెంట్ నుంచి కొత్త ఇంటికి రెండు వీధులే. నాన్న పంచె కింద స్నో బూట్లు తొడుక్కుని, గిన్నెను పొట్టకు హత్తుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. పక్కింటావిడ తోటలో ఆకులు ఊడ్చే రేక్ ఊతగా పట్టుకుని వచ్చింది. మా గృహప్రవేశానికి అతిథి ఆవిడొక్కతే.

ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించాం. అందులోంచి పంతులుగారి మంత్రాలు, స్టవ్ మీద అమ్మ గిన్నెలో పాలు. నురగ అంచు దాకా లేచింది. నాన్న చేతులు జోడించాడు.

"ఓ మై గాడ్!" అంటూ పక్కింటావిడ ఒక్క ఉదుటున వచ్చి స్టవ్ ఆపేసింది. పాలు కిందికి దిగిపోయాయి. ఇంటికి పెద్ద ప్రమాదం తప్పించినట్టు ఆవిడ మా వైపు చూసి నవ్వింది. ఫోన్‌లో మంత్రం ఆగిపోయింది. నాకు నాన్న ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

"టైమ్ ఉందమ్మా, ఇంకా ఉంది" అని పంతులుగారు కంగారుపడ్డారు.

నాన్న గొంతు సవరించుకుని, తనకొచ్చిన ఇంగ్లీషు కూడగట్టుకున్నాడు. "మేడమ్, ప్లీజ్. ఫాలింగ్ ఈజ్ గుడ్. మస్ట్ ఫాల్." తర్వాత స్టవ్ వైపు చెయ్యి చూపించి, మళ్ళీ వెలిగించమని ఆవిడనే బతిమాలాడు. ఏమీ అర్థం కాకపోయినా ఆవిడ వెలిగించింది.

ఈసారి ఎవరూ కదల్లేదు. పాలు లేచాయి, అంచు దాటాయి, స్టవ్ మీద చుయ్యిమంటూ పొర్లాయి. మాడు వాసనకి స్మోక్ అలారం అందుకుంది. ఆ గోలలోనే నాన్న "తూర్పుకే పొంగాయమ్మా, తూర్పుకే!" అని అరిచాడు. ఆ తర్వాత "మీ అమ్మ..." అని మొదలుపెట్టి, పంచె చెంగుతో ముఖం కప్పుకున్నాడు.

తుడవడానికి పేపర్ టవల్ చుట్ట అందుకున్న పక్కింటావిడ అలాగే నిలబడిపోయింది. పాలు ఒలికిపోయినందుకు ఒక పెద్దాయన అంత తృప్తిగా ఏడవడం ఆవిడ అంతకుముందెప్పుడూ చూసి ఉండదు.