మాస్టారి బొటనవేలు

కొబ్బరినూనె వేడిచేసి అందులో కర్పూరం వేస్తే, అది కరిగేటప్పుడు ఒక వాసన వస్తుంది. ముక్కులోంచి నేరుగా కళ్ళలోకి ఎక్కుతుంది. మూడు రోజులుగా ఆ నూనె మా మూడేళ్ళ పాప మణికట్టుకు రాస్తున్నాను. మెట్ల మీంచి పడింది. ఎముకకు ఏమీ కాలేదని డాక్టరు చెప్పారు, వాపు కూడా తగ్గింది. అయినా పాప నిద్రలో కాస్త కదిలితే చాలు, నాకు మెలకువ వచ్చేస్తోంది. ఇక పడుకోలేక ఇలా కాగితాలు ముందేసుకుంటున్నాను. మెట్ల దగ్గర చిన్న గేటు వెయ్యనిది నేను. పనిచేసే నాగమణి వెయ్యలేదనుకుని అత్తగారు ఆమెను నానా మాటలూ అంటుంటే, పక్కనే నిలబడి ఊరుకున్నదీ నేనే. ఆ రోజు నుంచి నాగమణి రావడం లేదు. ఈ నూనె చెయ్యడం నేర్పిన మనిషి బతికి ఉంటే నన్నేమనేవారో నాకు తెలుసు. ఏమీ అనేవారు కాదు. అదే నాకు కష్టంగా ఉంది.

ఆయన పేరు జీవరత్నం. తెనాలిలో మా పక్కింట్లో ఉండేవారు. ఏ బళ్ళోనూ పాఠం చెప్పకపోయినా వీధంతా మాస్టారనే పిలిచేది. ఒకప్పుడు తెనాలిలో జీతాలిచ్చి ఆడించిన ఫుట్‌బాల్ జట్టు ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. ఒక రైసు మిల్లు యజమాని ముచ్చటపడి పెట్టిన జట్టు, డెల్టా రోవర్స్. కేరళ నుంచి ఇద్దరు, హైదరాబాదు నుంచి ముగ్గురు, మిగతావాళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు. ఆరేడేళ్ళు ఆడి, నేను పుట్టకముందే మూతపడింది. మాస్టారు అందులో ఆటగాడు కాదు. ఆటగాళ్ళ కాళ్ళూ చేతులూ చూసుకునే మనిషి. ఆట ఉన్న రోజు పొద్దున అందరూ బెంచీ మీద వరసగా కూర్చుంటే, ఒక్కొక్కరి కాలూ ఒళ్ళో పెట్టుకుని మోకాలి నుంచి కిందిదాకా బొటనవేలితో తడుముతూ వెళ్ళేవారట. వేలు ఆగిన చోట దెబ్బ ఉన్నట్టు. ఆడొచ్చో కూడదో మేనేజరుకు చెప్పేది ఆయనే.

నేను తెనాలి నుంచి బాపట్లకు రోజూ రైల్లో వెళ్ళి డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఆయనకు చూపు మందగించింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చినవారు వచ్చినట్టే మా గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, నీ చేతిరాత బాగుంటుందిగా. మా జట్టు చరిత్ర చెప్తాను, రాసిపెడతావా?" అన్నారు. కప్పులూ చప్పట్లూ ఊరేగింపులూ ఉంటాయని సరదాపడి కూర్చున్నాను. తీరా చూస్తే ఆయనకు ఒక్క స్కోరూ గుర్తు లేదు.

"గుంటూరు ఫైనల్లో ఎన్ని గోల్స్ తేడాతో గెలిచారండీ?"

"ఏమో అమ్మాయ్. మా గోల్‌కీపరుకి భుజం మాత్రం జారింది. రెండుసార్లు ఎక్కించాను."

"ఇది ఫుట్‌బాల్ చరిత్రా మాస్టారూ, ఆసుపత్రి రిజిస్టరా?"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "కప్పు తీసుకోవడం ఊరంతా చూసింది. ఆ భుజాన్ని నేనొక్కణ్ణే చూశాను. నేను చెప్పకపోతే దాని సంగతి ఎవరు చెప్తారే?"

అలా వారం వారం రాశాను. ఎవరి చీలమండ ఎప్పుడు బెణికిందో, ఎవరికి వాన రోజుల్లో మోకాలు పట్టేసేదో, కేరళ కుర్రాడికి ఇంటి నుంచి ఉత్తరం వచ్చిన ప్రతిసారీ కడుపునొప్పి ఎందుకు వచ్చేదో. మొదట్లో విసుగనిపించినా, పోను పోను నాకూ ఆ మనుషులు తెలిసినవాళ్ళయిపోయారు. మా అమ్మ నడిచే తీరులో ఎడమ మడమ నొప్పి ఉందని నేను కనిపెట్టింది ఆ రోజుల్లోనే. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఆమె నడుస్తుండగా చూశాను, ఒక్కనాడూ పట్టించుకోలేదు.

చివరి సీజన్ దగ్గర ఆయన ఆగిపోయారు. ఒక వారం తలనొప్పి, ఒక వారం చుట్టాలు. ఆ సీజన్ ఎలా ముగిసిందో తెనాలిలో పాతవాళ్ళందరికీ తెలిసిందే. చీరాల జట్టుతో ఆట. మన లెఫ్ట్ వింగ్ కోటయ్య బంతి తీసుకుని పరుగెడుతుంటే చీరాల డిఫెండరు కసిగా తన్నాడు, కాలు రెండు ముక్కలయింది, ఆట ఓడిపోయాం, మిల్లు యజమాని మనసు విరిగి జట్టు ఎత్తేశారు. ఆయన్ను బాధపెట్టడం ఎందుకని ఆ పేజీ నేనే రాసి చదివి వినిపించాను.

"కొట్టెయ్యమ్మా," అన్నారు.

"అందరూ చెప్పేది ఇదేగా మాస్టారూ?"

"అందరికీ చెప్పింది నేనే."

ఆ రోజు పొద్దున కోటయ్య కాలి మీద ఆయన వేలు ఆగింది. ఎముక అప్పటికే బీటలిచ్చి ఉంది. ఆడకపోతే జట్టులోంచి తీసేస్తారని కోటయ్య చేతులు పట్టుకుని బతిమాలాడు. మాస్టారు మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఆడొచ్చు అన్నారు. ఆటలో ఆ డిఫెండరు కాలు తగిలీ తగలకుండా తగిలింది, అంతే. ఆసుపత్రిలో అందరూ ఏం జరిగిందని అడిగితే, వాడు తన్నాడని మాస్టారే చెప్పారు.

ఆయన చెప్పినదంతా రాసి మళ్ళీ చదివాను. కోటయ్య బతిమాలాడన్న వాక్యం తీసెయ్యమన్నారు.

"అది నిజమే కదండీ!"

"నిజమే. కాని అది అతను చెప్పుకోవాల్సింది. నేను చెప్పానంటే నా తప్పులో సగం తీసుకెళ్ళి అతని నెత్తిన పెట్టినట్టే." నోటుపుస్తకం మీద చెయ్యి పెట్టి, "కాగితం మీద రాసి పెట్టె అడుగున దాచుకుంటే ఏం లాభం? రేపల్లె బండి ఎన్నింటికో చూడు," అన్నారు.

రేపల్లెలో దిగి ఆటోలో పెనుమూడి వెళ్ళాం. కోటయ్య ఇంటి ముందు పట్టా మీద మినుములు ఆరబోసి, పక్కన కుర్చీలో కూర్చుని రాళ్ళు ఏరుతున్నాడు. కుడికాలు చాపి ఉంది, ఇక వంగదు. మమ్మల్ని చూసి లేవబోయాడు.

"ఏంటి సార్, ఇంత దూరం! కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి గదండీ."

మాస్టారు కూర్చోలేదు. ఎముక ముందే బీటలిచ్చిందనీ, ఆ డిఫెండరు తన్నాడన్నది తాను కల్పించిందనీ నిలబడే నాలుగు మాటల్లో చెప్పేశారు. కోటయ్య తల వంచుకుని రాళ్ళు ఏరుతూనే ఉన్నాడు.

"ఆ చీరాలాయన నన్ను చూడ్డానికి ఆసుపత్రికొచ్చాడండి. బత్తాయిలు పట్టుకుని. ఆ సంచి లాక్కుని ఆయన మొహాన కొట్టాను. అప్పుడు మీరు అక్కడే ఉన్నారు గదండీ?"

"ఉన్నాను."

"మరి అప్పుడన్నా అనలేకపోయారా సార్?"

"భయమేసింది కోటయ్యా."

లోపలి నుంచి కోటయ్య భార్య వచ్చి, "ఇంత ఎండలో వచ్చారు, అన్నం తిని వెళ్ళండి బాబాయిగారూ," అంది. "వద్దులే, వాళ్ళకి బండి టైమవుద్ది," అన్నాడు కోటయ్య, మా వైపు చూడకుండానే. తిరుగు రైల్లో మాస్టారు తెనాలి దాకా కిటికీ పక్కనే కూర్చున్నారు. ఎందుకు తీసుకొచ్చానా, ముసలాయనకు ఈ అవమానం ఎందుకా అని నాకు ఏడుపొచ్చింది. ఆయన మొహంలో మాత్రం ఏడుపు లేదు. బాగా బరువు పని చేసి ఇంటికెళ్తున్న మనిషిలా అలిసిపోయి ఉన్నారు.

మరుసటి ఏడు మాస్టారు పోయారు. సమాధి దగ్గర అందరూ వెళ్ళిపోతుంటే కర్ర ఊతంగా నడుచుకుంటూ కోటయ్య నా దగ్గరికొచ్చాడు. "ముందు ఆయన వద్దనే అన్నారమ్మా. నేనే చేతులు వదల్లేదు. అది రాశావా నువ్వు?"

"రాయలేదండీ. వద్దన్నారు."

"అయితే ఇప్పుడు రాయి. నేను చెప్పానని నా పేరుతోనే రాయి." కాస్త దూరం వెళ్ళి మళ్ళీ ఆగాడు. "చీరాల వెళ్ళొచ్చాలే. ఈసారి బత్తాయిలు నేను పట్టుకెళ్ళా."

ఆ నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. అచ్చు వెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. లేని జట్టు చరిత్ర, అందులోనూ ఒక్క స్కోరూ లేని చరిత్ర, ఎవరికి కావాలి?

ఇవాళ సాయంత్రం నాగమణి ఇంటికి వెళ్ళి పిలుచుకొచ్చాను. అత్తగారు హాల్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. "గేటు వెయ్యనిది నేనే అత్తయ్యా. నాగమణి అప్పుడు డాబా మీద బట్టలు ఆరేస్తోంది. మీరు తిడుతుంటే తెలిసీ ఊరుకున్నాను," అన్నాను. అత్తగారి చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. నిజానికి ఆ రోజు, "నా బీపీ బిళ్ళ ఎక్కడ పెట్టావే?" అని ఆమె లోపలి నుంచి పెట్టిన కేకకే నేను గేటు వదిలేసి పరుగెత్తాను. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకున్నాను.

"ఆ రోజే అనుంటే అన్ని మాటలు పడేదాన్ని కాదు గదమ్మా," అంది నాగమణి. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. రేపు వస్తావా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అత్తగారు రాత్రి భోజనం దగ్గర కూడా కేక సంగతి ఎత్తలేదు. బహుశా ఎప్పటికీ ఎత్తరేమో. అవతలివాళ్ళు తమ వంతు తప్పు ఒప్పుకుంటారేమోనని ఎదురుచూడకుండా, మాస్టారిలా ఉండటం నాకింకా చేతకాలేదు. అన్నం వడ్డిస్తున్నంతసేపూ ఆమె నోటి వంకే చూస్తూ ఉన్నాను. కాని నా నోటితో మాత్రం ఆ మాట అనలేదు.