గాలి తీసిన చక్రాలు

హాల్బెరాకు చేపల ఫ్యాక్టరీలో కత్తి తిప్పడం వచ్చు, వల అల్లడం వచ్చు, మేనేజరు మొహం మీదే మాట అనెయ్యడం వచ్చు. అలాంటి మనిషి భయపడగా మేం ఆ శనివారమే చూశాం. ఊరివాళ్లమే నడుపుకునే సహాయ దళం షెడ్డులో, తన నడుము ఎత్తు చక్రాలున్న జీపు ముందు నిలబడి, చేతి తొడుగు విప్పుతోంది, మళ్లీ తొడుగుతోంది.

మా ఊరు కాల్డవిక్‌లో ఒకప్పుడు కాన్పుల వార్డు ఉండేది. ఇక్కడ పుట్టేవాళ్లు తక్కువని రాజధానిలో కూర్చున్నవాళ్లు దాన్ని మూసేశారు. నెలలు నిండకముందే ఎగువన కొండ మీది మెట్ట దాటి పెద్దూరు వెళ్లి, గది అద్దెకు తీసుకుని కాచుకోవాలట. ఫ్యాక్టరీలో హాల్బెరా పక్కన నిలబడి చేపలు కోసే దాగ్రూన్ జీతం పోతుందని ప్రయాణం వాయిదా వేస్తూ వచ్చింది. ఆ పొద్దున సన్నగా నొప్పులు మొదలయ్యాయి. దారి మంచు కింద ఉంది. శని, ఆదివారాల్లో మంచు తోసే బండి రాదు, దానికీ కోత పెట్టారు. హెలికాప్టరేమో సముద్రంలో చిక్కుకున్న పడవ కోసం పోయింది. సాయంత్రం తుఫాను రాకముందే మెట్ట దాటించాలి, బిడ్డ అడ్డంగా ఉన్నట్టుంది అంది నర్సు.

జీపు నడిపే ముసలి తోర్ఫి మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. శిక్షణ పొందిన మరో మనిషి హాల్బెరా ఒక్కతే. ఆ శిక్షణ కూడా వేసవిలో, పొడినేల మీద.

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. మెట్ట మీద వాగులుంటాయి, వాటి మీద మంచు కప్పులా పరుచుకుంటుంది, ఎక్కడ బోలో పైకి తెలియదు. గాలి లేస్తే నేలా ఆకాశమూ ఒకే తెలుపు. బండి ఆగిందనుకుని దిగబోయి, అది ఇంకా కదులుతోందని కాలు విరిగాక తెలుసుకున్నవాళ్లు మా దళంలోనే ఉన్నారు.

బయల్దేరేలోపు నాలుగు చక్రాల్లోనూ గాలి తీయమన్నాడు తోర్ఫి. చక్రం మెత్తబడి పరుచుకుంటే బండి మంచు మీద తేలుతుంది. గట్టిగా ఉంటే కత్తిలా దిగిపోతుంది. హాల్బెరాకు ఈ సంగతి తెలుసు. కానీ ఇన్నేళ్లు రోడ్డు మీద కారు నడిపిన మనిషికి మెత్తబడ్డ టైరు అంటే దారిలో దిక్కులేక నిలబడిపోవడమే. బుస్సుమని గాలి పోతుంటే ఆమె వేలు దానంతటదే వెనక్కి వచ్చేస్తోంది.

"ఇంకా తియ్యి," అన్నాడు తోర్ఫి. "అది నీ చంటిపిల్లేం కాదు, ఊపిరి పోతోందని కంగారుపడటానికి."

ముందు చక్రాలు అతని కళ్లెదుటే అయ్యాయి. అతను కాఫీ ఫ్లాస్కు, ఎండుచేప, తాళ్లు సర్దడానికి అటు తిరిగినప్పుడు వెనక చక్రాలకు సగం గాలి ఉంచేసి, అయిపోయిందని చెప్పింది. తోర్ఫి ఒకసారి వెనక చక్రాల వైపు చూసి, తాళ్లు జీపులో పడేశాడు. నర్సు దాగ్రూన్‌ని దుప్పట్లలో చుట్టి వెనక సీట్లో కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. తోర్ఫి ముందు సీట్లో, హాల్బెరా పక్కన ఎక్కాడు.

చర్చి దాటి, దారి వదిలి, మొదటి ఏటవాలు ఎక్కుతుండగానే జీపు వెనక భాగం కుంగిపోయింది. హాల్బెరా గేరు మార్చింది. ఇంకా దిగింది. కిటికీల్లోంచి చూస్తున్న మేమంతా పారలు పట్టుకుని పరుగెత్తాం.

"వెనక గాలి ఉంచేశాను," అంది హాల్బెరా, స్టీరింగు వదలకుండానే. "భయమేసింది."

"తెలుసు," అన్నాడు తోర్ఫి.

"తెలిసీ ఊరుకున్నావా?"

"చెబితే నీ వేలు వినేది కాదు. ఇక్కడ కూరుకుపోతే ఊరంతా పారలతో వస్తుంది. పైన ఎవరొస్తారు?"

వెనకనుంచి దాగ్రూన్ పళ్ల బిగువున అంది: "ఈ బండిలో పుడితే మాత్రం నీ పేరే పెడతాను, హాల్బెరా. జాలి ఉంటే తొందరగా నడుపు."

హాల్బెరా దిగి, మంచులో మోకాళ్ల మీద కూర్చుని, చక్రం అడుగు పిండిముద్దలా పరుచుకునేదాకా గాలి తీసింది. ఈసారి వేలు వెనక్కి రాలేదు. మేం తవ్వాం, ఆమె మెల్లగా కదిలించింది. జీపు తేలింది. దాని ఎర్రదీపాలు తెలుపులో కలిసిపోయేదాకా మేం పారలు పట్టుకుని అక్కడే నిలబడ్డాం.

తుఫాను వాళ్ల వెనకే వచ్చింది. అవతల పెద్దూరులో ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. పేరు బయటపెట్టలేదు, మా దగ్గర బాప్తిస్మందాకా చెప్పరు. హాల్బెరా అడగలేదు. మర్నాడు తిరిగొచ్చి, షెడ్డులో చక్రాలకు గాలి కొడుతుంటే మాత్రం గొట్టం ఆమె చేతిలో నిలవలేదు, తోర్ఫి పట్టుకోవాల్సి వచ్చింది.

వార్డు మళ్లీ తెరవండి అని మేం అడిగితే, సహాయ దళం ఉంది కదా అంటున్నారు పైవాళ్లు. ఉంది. కూలికి చేపలు కోసే ఒక మనిషి, చెయ్యి విరిగిన ఒక ముసలివాడు, ఒక జీపు. ఫ్యాక్టరీలో ఇప్పుడు మరో పిల్ల నెలతప్పింది. అది తెలిసిన దగ్గర్నుంచి మంచు పడ్డప్పుడల్లా హాల్బెరా పని మధ్యలో తలెత్తి, కిటికీలోంచి మెట్ట వైపు చూస్తోంది.