ముల్లు లేవని చేతులు

నా పెనిమిటి పోయిన మూడో ఏడు, నాలో ప్రాణం లేదని ఒక డబ్బా తేల్చింది. పందొమ్మిది వందల ఎనభై దాటిన కొత్తలో. అప్పుడు నేను తాండూరులో బండలు పాలిష్ పట్టే కార్ఖానాలో పనిచేసేదాన్ని.

మగవాళ్ళు మిషన్ తిప్పేవాళ్ళు. బండలు మోసుకొచ్చి పెట్టడం, అయినవాటిని తీసి నిలబెట్టడం, అంచులు రాయితో రుద్దడం ఆడవాళ్ళ పని. రాతి పిండి అరచేతుల పగుళ్ళలోకి దిగితే మిరపకాయ నూరినట్టు మండుతుంది. అందుకని పొద్దున పనికి బయలుదేరే ముందు అందరం చేతులకు ఆముదం పట్టించుకునేవాళ్ళం. ముఖం కడుక్కోవడం మరిచిపోయినా అది మరిచిపోయేవాళ్ళం కాదు. ఆ వాసనకు మా సేటు ముక్కు మీద తువ్వాల పెట్టుకునేవాడు.

ఆ ఎండాకాలం ఒకామె కళ్ళు తిరిగి బండతో సహా పడింది. సేటు పరుగెత్తుకొచ్చి ముందు బండను చూశాడు. అది రెండు ముక్కలైంది. తర్వాత ఆమెను చూశాడు. ఆమె ఒక్క ముక్కే ఉంది కాబట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

వారం తిరగకముందే వికారాబాద్ నుంచి సేటు బామ్మర్ది దిగాడు. చేతిలో ఒంటి బలం కొలిచేదట, టిఫిన్ డబ్బా అంత పెట్టె. దాని మీద అద్దం, అద్దం కింద ముల్లు, ముల్లు దారిలో ఒక ఎర్ర గీత. పెట్టెలోంచి రెండు తీగలు, తీగల చివర రెండు ఇత్తడి కడ్డీలు. మనం రెండు చేతులతో ఆ కడ్డీలు పట్టుకోవాలి.

"బ్యాటరీ సెల్లుల కరెంటు ఒక చేతికెల్లి పోయి ఇంకో చేతికెల్లి వస్తది. ఒంట్ల నీళ్ళు, కండ మంచిగుంటే జల్ది పోతది. లేకుంటే ఒళ్ళు అడ్డం తగుల్తది. ముల్లు లేవదు" అని చెప్పాడు.

సేటు అప్పటికప్పుడు ఒక రూలు పెట్టాడు. ముల్లు ఎర్ర గీత దాటని వాళ్ళు బలం వచ్చేదాకా ఇంటి దగ్గరే ఉండాలి. బలం వచ్చిందనిపిస్తే వికారాబాద్‌లో బామ్మర్ది గదికి పోయి, మళ్ళీ కడ్డీలు పట్టుకుని, దాటిందని చీటీ తేవాలి. బలం మందు సీసాలు కూడా ఆ గదిలోనే దొరుకుతాయట. ఎంత దయగల ఏర్పాటు!

నా వంతు వచ్చింది. పట్టుకున్నాను. ముల్లు కదలలేదు. బామ్మర్ది అద్దం మీద వేలితో కొట్టాడు, తీగలు లాగాడు. ముల్లు అట్లనే పడుకుంది. నా పక్కింటి తురకలామె, కార్ఖానాలో నాకు జోడీ, బండ అటు కొస ఆమెది, ఇటు కొస నాది. ఆమె తొంగి చూసింది.

"అక్కా, నువ్వు సచ్చి ఎన్ని దినాలైంది? మాకొక మాటన్న చెప్పకపోతివి."

"మొన్ననే. పనిల పడి చెప్పుడు మరిచిన."

సేటు సరదాకి తనూ పట్టుకున్నాడు. ఆయన అరచేతులు ఎప్పుడూ చెమటతో తడిగా ఉంటాయి. ముల్లు ఎగిరి పెట్టె అవతలి గోడకు తగిలింది. కార్ఖానా మెట్లు నాలుగుంటే రెండో దాని మీద ఆగి ఊపిరి తీసుకునే మనిషి, పహిల్వాన్ అయిపోయాడు.

"గంత బలముంటే గా బండ జర ఇటు జరుపుండ్రి సేటూ" అంది నా జోడీ.

సేటు నవ్వలేదు. నన్నూ, ముల్లు లేవని ఇంకో ఇద్దరినీ ఇంటికి పొమ్మన్నాడు. ఇంట్లో నాకు ఇద్దరు బిడ్డలు. నేను పనికి పోని రోజు మా పొయ్యికీ పని ఉండదు. నాకు సంతకం తప్ప చదువు రాదు, కానీ ఆ గీత దాటకపోతే ఏమవుతుందో చదవడానికి బడికి పోనక్కరలేదు.

మూడు రోజులు చూసి నాలుగో రోజు పొద్దున పాసెంజర్ ఎక్కాను. పనికి పోవడం లేదు కాబట్టి చేతులకు ఆముదం పెట్టలేదు. ధారూర్ దాటేదాకా కూర్చోవడానికి చోటు దొరకలేదు. వికారాబాద్‌లో దిగి, బామ్మర్ది గది ముందున్న నల్లా దగ్గర కాళ్ళు, చేతులు కడుక్కున్నాను. అక్కడ అరిగిపోయిన సబ్బు ముక్క ఉంటే దాన్నీ వదల్లేదు. చేతులు తుడుచుకోకుండానే లోపలికి పోయాను. బెంచీ మీద ముగ్గురు సీసాల కోసం కూర్చుని ఉన్నారు.

కడ్డీలు పట్టుకున్నాను. ముల్లు లేచి ఎర్ర గీత దాటిపోయింది.

"చూసినవా అమ్మా, నాలుగు దినాలు ఆరాం చేస్తే ఎంత బలమొచ్చిందో" అన్నాడు, చీటీ కోసం కాగితం తీస్తూ.

ఆ నాలుగు రోజులు నేను తిన్నది తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది. "జర ఆగు సారూ" అన్నాను. గూట్లో దువ్వెన పక్కన ఆయన కొబ్బరినూనె సీసా ఉంది. అడగకుండానే అరచేతిలో పోసుకుని రుద్దుకున్నాను. మళ్ళీ పట్టుకున్నాను. ముల్లు పడుకుంది.

"ఇగో, మల్ల సచ్చిన" అన్నాను.

బెంచీ మీద ముగ్గురూ లేచి దగ్గరికి వచ్చారు. ఆయన ముఖంలో రక్తం లేదు. దాన్ని కొలవడానికి డబ్బా అక్కర్లేకపోయింది.

"సారూ, నీ డబ్బా ఒంటిని సూస్తలేదు, తోలును సూస్తున్నది. మాయి నూనె చేతులు, కాయలు కాసిన చేతులు. నూనె అరిగినోళ్ళు గీత దాటిన్రు, అరగనోళ్ళం ఆగిపోయినం. సేటువి చెమట చేతులు. ముందుగాల అందరి చేతులు ఒక్క తీరు చెయ్. కార్ఖానాకొచ్చి మల్ల పట్టు. లేదంటవా, నేను గీ బెంచీ మీదనే కూసుంట. వచ్చినోళ్ళకల్ల నూనె పూసి చూపెడత."

తిడతాడనుకున్నాను. అతను సీసా అందుకున్నాడు. తర్వాత తన చేతులకే నూనె రాసుకున్నాడు, కడిగాడు, తడిపాడు, ఆరబెట్టాడు. ప్రతిసారీ ముల్లు వేరే చోట నిలబడింది. "నాకు అమ్మినోడు గిదేం చెప్పలే" అన్నాడు, చిన్నపిల్లవాడిలా. కడ్డీలకు ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డ చుడితే చేతికి బాగా అతుక్కుంటుందని అతనికే తట్టింది. గట్టిగా పిసికితే ముల్లు ఎక్కువ లేస్తుందని నేను కనిపెట్టాను. మా ఇద్దరిలో సారు ఎవరో ఆ పూటకు తెలియలేదు.

సోమవారం బామ్మర్ది తాండూరు వచ్చాడు. అందరం సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాం. ఒకే తువ్వాలతో తుడుచుకున్నాం. తడిగుడ్డ చుట్టిన కడ్డీలు, ఒకే పట్టు. మనిషికి మూడుసార్లు చూసి నడిమి దాన్ని లెక్కలోకి తీసుకున్నాడు. ఇంటికి పంపిన ఇద్దరూ గీత దాటారు. నా జోడీ దాటింది. కళ్ళు తిరిగి పడినామె కూడా దాటింది.

నా ముల్లు గీతకు వెంట్రుకవాసి కింద ఆగింది.

మళ్ళీ కడిగాను. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారీ అంతే. బామ్మర్ది తల వంచుకుని మెల్లగా అన్నాడు: "ఈసారి డబ్బా తప్పు కాదమ్మా."

నాకు తెలుసు. బిడ్డలకు పెట్టగా మిగిలింది తినే ఒళ్ళు అది. డబ్బాకు నిజం చెప్పడం నేనే నేర్పాను, అది మొట్టమొదట నా మీదే చెప్పింది. సేటు గేటు వైపు చూపించబోయాడు.

"సేటు చేతులు కడుగలే" అంది నా జోడీ.

అందరూ సేటునే చూస్తుంటే పాపం ఏం చేస్తాడు. కడుక్కున్నాడు. చెమట ఊరేలోపు తుడిచి కడ్డీలు ఇచ్చారు. ముల్లు నా దానికంటే రెండు వేళ్ళు కిందే ఆగిపోయింది.

"బావా, కొవ్వు కూడ కరెంటుకు అడ్డమే" అన్నాడు బామ్మర్ది. అనకుండా ఉండాల్సింది.

"ఫికర్ చెయ్యకుండ్రి సేటూ. బలమొచ్చేదాంక మనిద్దరం ఇంటికాడ కూసుందాం. కార్ఖానా వీళ్ళు నడుపుకుంటరు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. దగ్గు మాత్రం చాలామందికి వచ్చింది. సేటు తువ్వాల భుజం మీద వేసుకుని, "డబ్బా మూయ్. అందరు పనికి పోండ్రి" అన్నాడు. 'అందరు' అన్న మాటను నేను గట్టిగా పట్టుకున్నాను.

బండ దగ్గరికి పోయి కొస పట్టి లేపాను. నా కొస జానెడు లేచి ఆగింది. అటు కొస నుంచి నా జోడీ చూసింది.

"అక్కా, బరువు నా దిక్కు వంచు" అంది.

వంచాను.