ఉప్పు వెయ్యని ఎర

మా మావయ్య, అంటే నా భర్త తండ్రి, పోయిన వారం పోయారు. నాగావళి ఒడ్డున ఇసుకలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. గేదెల్ని కడగడానికి వచ్చినాయన చూసి నాకు ఫోన్ చేశాడు. నేనప్పుడు అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్లు ఒలుస్తున్నాను. "మీ మావ లెగట్లేదమ్మా, ఎంత పిలిసినా పలకట్లేదు," అన్నాడు. నేను వెళ్లేసరికి ఆయన తల మోకాళ్ల మీదికి వాలి ఉంది. ఎర తెచ్చుకున్న గిన్నె పక్కనే ఖాళీగా ఉంది.

ఇప్పుడు ఆమదాలవలసలో అందరిదీ ఒకటే మాట. చేపల పిచ్చితోనే పోయాడట. సమాధిలో మట్టి వేస్తూ కూడా ఒక పెద్దాయన అదే అన్నాడు, పైగా మెచ్చుకోలుగా. నాకు ఒళ్లు మండింది. నలుగురిలో నోరు తెరవలేకపోయాను కానీ, అది నిజం కాదు. ఎందుకు కాదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఇది రాస్తున్నాను.

మావయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నేను బొబ్బిలి నుంచి కోడలిగా వచ్చేనాటికి అత్తయ్య లేరు. ఇంట్లో మా ఆయన, మావయ్య, ఒక కంపు. ఆ కంపు ఎక్కడిదో తెలియక మొదటి రోజు ఇల్లంతా కడిగాను. పెరట్లో మూత పెట్టిన కుండ ఒకటి కనిపించింది. తీసి చూసి, ఆ పూట అన్నం తినలేదు. కోడి పేగులు, ఎండు రొయ్యల పొడి, తెలగపిండి, కల్లుప్పు. వాలుగకు ఎర అది.

వాలుగను చూడనివాళ్లకు చెప్పాలి. పొలుసు ఉండదు. పొడుగాటి మీసాలు, చెవుల దాకా చీలినట్టుండే నోరు. ఏటి మడుగుల్లో అడుగున ఉంటుంది. పెద్దది దొరికితే ఇద్దరు మోసుకు రావాలి. మిగతా చేపలను మావయ్య చేపలుగానే లెక్క పెట్టేవారు కాదు. "బొచ్చె, శీలావతి పెద్దమనుసులమ్మా, పిండి ముద్దకొస్తాయి. వాలుగ అలాక్కాదు. దానికి ముందు కంపు తెలియాల, తరవాతే నోరు తెరుస్తాది," అనేవారు. ఆ కంపుతోనే ఆదివారం చర్చికి కూడా వచ్చేవారు. తెల్ల చొక్కా ఎంత ఉతికినా లాభం లేకపోయేది. పాపం, ఎవరూ అనకుండానే చివరి బెంచీలో కూర్చునేవారు.

ఎర కలపడం మెల్లగా నా పనయింది. ఎవరు అప్పజెప్పారంటే చెప్పలేను. ఉప్పు దగ్గర మాత్రం ఆయన నన్ను నమ్మేవారు కాదు. నౌపడలో పని చేసిన రోజుల నుంచి అక్కడి కల్లుప్పే కావాలి, ఎవరైనా రైల్లో వస్తుంటే తెప్పించేవారు. ఉప్పు పట్టిన పేగు గట్టిపడి గేలాన్ని వదలదు. ఉప్పు లేకపోతే మెత్తబడి నీళ్లలో జారిపోతుంది. మా కూరలో ఉప్పు తక్కువైతే ఏమీ అనేవారు కాదు, ఎరలో తక్కువైతే నా మొహం కేసి అదోలా చూసేవారు.

సామాను కొనడానికి ఆయనతో సంతకు వెళ్లడం ఓ శిక్ష. తంగూసు తాడు చుట్టలు అన్నీ ఒకేలా ఉంటాయి నా కంటికి. ఆయన ఒక్కో చుట్ట కొస లాగి, నోట్లో తడిపి, ముడి వేసి, రెండు చేతులకూ చుట్టుకుని గుంజేవారు. షాపతను ముందు నవ్వి తర్వాత విసుక్కునేవాడు. గేలం మొనను బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా లాగేవారు. గోరును పట్టుకుని ఆగితే మంచిది, జారిపోతే పక్కన పడేసేవారు. నాకు కూడా అలాగే చూపించి నేర్పారు. వాలుగ పళ్లు తంగూసును కొరికేస్తాయి కాబట్టి గేలానికి పైన జానెడు ఉక్కు తీగ ఉండాలి. దానికి ఆయన కనిపెట్టిన మార్గం నేను. మా అన్నయ్య బొబ్బిలిలో వీణలు చేస్తాడు. నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా వీణ తీగ ముక్కలు తేవాలి. "మీ మావ చేపలకి కచేరీ ఏమైనా పెడతన్నాడేటే?" అని అన్నయ్య ఆట పట్టించేవాడు, మంచి ముక్కలే ఏరి ఇచ్చేవాడు.

ఆయన దగ్గర రెండో సంచీ ఒకటి ఉండేది. దాన్ని ఇంట్లోకి తెచ్చేవారు కాదు, పెరటి గోడకు మేకుకి తగిలించేవారు. ఏట్లో ఎవరైనా మునిగి కనపడకపోతే ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మావయ్య కోసమే వచ్చేవారు. ఏ మడుగులో నీరు తిరుగుతుందో, ఏ ఇసుక మేట కింద ఏది ఆగుతుందో వాలుగల వెంట తిరిగి తెలుసుకున్న మనిషి. ఆ సంచీలో లావు తాడుకు వరసగా కట్టిన పెద్ద గేలాలు ఉండేవి. వాటి మొనలన్నీ ఆకురాయితో అరగదీసి గుండ్రంగా చేశారు. బట్టను పట్టుకుంటాయి కానీ ఒంట్లో దిగవు. ఎందుకలా అని అడిగితే, "పైకొచ్చినోడిని ఆళ్లమ్మ సూస్తాది. గాయం మన సేతిమీద అవకూడదు," అన్నారు.

శవం దొరికేసరికి ఆలస్యమైతే, ఇంటివాళ్లను దగ్గరికి రానిచ్చే ముందు ఆయన తన తువ్వాలు తీసి కప్పేవారు. వాలుగ బతికున్న మాంసం, చచ్చిన మాంసం అని చూడదు. ఆ సంగతి ఏటి ఒడ్డున అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అలా తీసుకొచ్చి అప్పగించిన మనిషిని, పెళ్లికి బయల్దేరేటప్పుడు ఎదురొస్తే మాత్రం తిట్టుకునేవాళ్లు. అవసరానికి వచ్చి గుమ్మం ముందు ఏడ్చినవాళ్లే. ఆయన పట్టించుకునేవారు కాదు. నేను పట్టించుకునేదాన్ని, ఇప్పటికీ వాళ్ల ఇళ్లలో మంచినీళ్లు కూడా ముట్టను.

మూడేళ్ల కింద వానాకాలంలో, ఎగువన ఒడిశాలో వానలు కురిసి ఏరు ఒక్కసారిగా పొంగింది. మా ఆయన పని నుంచి తిరిగొస్తూ కాజ్‌వే మీద పారుతున్న నీళ్లలోకి బండి దించారు. బండి దొరికింది. మనిషి దొరకలేదు.

కబురు తెచ్చినవాడి మొహం చూసి, వాడు నోరు విప్పకముందే మావయ్య పెరట్లోకి వెళ్లి ఆ సంచీ తీశారు. బయల్దేరే ముందు అరుగు మీద కూర్చుని ఆకురాయి పట్టుకున్నారు. ఎప్పుడో అరగదీసిన మొనల్నే మళ్లీ అరగదీశారు. ఆ చప్పుడు విన్నాకే నాకు విషయం అర్థమైంది. ఏడుపు రాలేదు.

ఎందరినో వెతికి తెచ్చిన మనిషికి కన్నకొడుకు దొరకలేదు. పడవలవాళ్లు వెళ్లిపోయారు. పోలీసులు వెళ్లిపోయారు. నీరు తీసి ఇసుక తేలింది. చివరికి చర్చిలో పెట్టె లేకుండానే ప్రార్థన చేశారు. సమాధుల దొడ్డిలో అత్తయ్య పక్కన పేరు రాసిన రాయి ఒకటి పెడదామని పెద్దలు అన్నారు. మావయ్య ఒప్పుకోలేదు. "గొయ్యి తియ్యొద్దు, రాయి పెట్టొద్దు. జాగా ఒగ్గండి సాలు. నాను తెస్తాను," అన్నారు. నాకూ అదే కావాలి. నా మనిషి ఎక్కడున్నాడంటే వేలు పెట్టి చూపించడానికి నాకు ఇంత మట్టి కావాలి. అది ఆయన ఒక్కరే తేగలరని నమ్మాను.

కొన్నాళ్లకు ఓ సాయంత్రం మావయ్య వచ్చి ఎర కలపమన్నారు. ఉప్పు మాత్రం వెయ్యొద్దన్నారు. నాకు అసహ్యం వేసింది. కొడుకును మింగిన ఆ కాజ్‌వే కింది మడుగులో చేపలు పట్టడానికి మనసెలా వచ్చిందనుకున్నాను. ఆయనతో మాట్లాడకుండానే కలిపి పెట్టాను. ఉప్పు ఎందుకు వద్దన్నారో కూడా ఆలోచించలేదు, బీపీ ఉందని డాక్టరు ఆయన్ని ఉప్పు మానమన్నాడు, ఆ కోపం ఎర మీద చూపిస్తున్నారనుకున్నాను. రోజూ తెల్లవారుతూనే వెళ్లేవారు. ఎండెక్కాక ఖాళీ గిన్నెతో, ఖాళీ చేతులతో వచ్చేవారు. ముసలాడి చెయ్యి మొరాయించిందని వీధిలో నవ్వుకున్నారు.

ఒకరోజు ఆయన తాడును దండెం మీద ఆరవేసి పడుకున్నారు. బట్టలు తీయడానికి వెళ్లి, చేతికి తగిలిన గేలాన్ని అలవాటు కొద్దీ బొటనవేలి గోరు మీద పెట్టి లాగాను. జారిపోయింది. దాని పక్కది చూశాను, అదీ జారింది. ఒక్కదానికీ మొన లేదు, ఒక్కదానికీ వీణ తీగ లేదు. అన్నీ ఆ రెండో సంచీలోవి. ఆయన ఇన్నాళ్లూ వెతుకుతూనే ఉన్నారు.

లేచాక టీ ఇచ్చి, మరి ఎర ఎవరికి మావయ్యా అని అడిగాను. గ్లాసు కింద పెట్టారు.

"వాలుగలకేనమ్మా. వట్టినే ఏసేస్తన్నాను. ఆటికి కడుపు నిండితే ఆడి జోలికి పోవు గదా."

గేలానికి నిలవనక్కర్లేని ఎరకు ఉప్పు ఎందుకు? తిన్నగా అడుగుకు దిగి, అవి తినేస్తే చాలు. ఇన్నాళ్ల తర్వాత ఏట్లో వాటి నుంచి కాపాడడానికి ఏమీ మిగలదని నాకు తెలుసు. నాకంటే ఆయనకు ఇంకా బాగా తెలుసు. మర్నాటి నుంచి కోళ్ల షాపులో పేగులు ఇంకాస్త ఎక్కువ అడిగి తెచ్చాను. నమలక్కర్లేకుండా సన్నగా తరిగాను. ఆ కంపు నా చేతుల్ని ఇక వదల్లేదు, అంగన్‌వాడీలో పిల్లలు ముక్కు మూసుకుంటే నవ్వేదాన్ని.

ఆయన పోయినప్పుడు సమాధుల దొడ్డిలో జాగా తక్కువగా ఉందని, ఎలాగూ ఖాళీగా ఉన్నదే కదా అని, ఆయన్ని ఆ విడిచిన జాగాలోనే పెడదామన్నారు. వద్దన్నాను. ఎవరికి నచ్చినా నచ్చకపోయినా దాని పక్కనే తవ్వించాను. అత్తయ్య, తర్వాత ఆ ఖాళీ, తర్వాత ఆయన. ఆ ఖాళీ నిండదని తెలిసే చేశాను. ఆయన మాట ఇచ్చారు, తేలేకపోయారు. అందుకు ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనంత కష్టం నా కోసం ఇంకెవరూ పడలేదు.

మర్నాడు తెల్లవారుతూనే మెలకువ వచ్చింది. కుండలో కలిపి ఉంచిన ఎర అలాగే ఉంది. గిన్నెలో వేసుకుని ఏటికి వెళ్లాను. ఆయన పోయిన రోజు తప్ప ఆ మడుగు దగ్గరికి నేను ఎప్పుడూ వెళ్లలేదు. ఆయన రోజూ కూర్చున్న చోట ఇసుక గుంట పడి ఉంది. నేను ఇంకా గిన్నెలో చెయ్యి పెట్టలేదు. నా అడుగుల చప్పుడుకే నీళ్లు కదిలాయి. లోతు నుంచి నల్లటి వీపులు ఒడ్డు దాకా వచ్చాయి. వాలుగలు. గేలమంటే తెలియనట్టు, మనుషులంటే భయం లేనట్టు, బాగా బలిసి, నిగనిగలాడుతూ. పిడికెడు వేస్తే నోళ్లు తెరిచి తిన్నాయి. నా కళ్ల ముందు ఏం తిరిగిందో రాయలేను. అయినా గిన్నె ఖాళీ అయ్యేదాకా వేశాను. తర్వాత చేతులు కడుక్కోవడానికి వంగాను. అన్నిట్లోకీ పెద్దది మెల్లగా వచ్చి, మీసాలతో నా వేళ్లను తడిమింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.