స్టీలు గ్లాసులో మజ్జిగ

ఆదివారం పొద్దున ధవళేశ్వరం దగ్గర హాఫ్ మారథాన్. రెండు గంటల్లోపు ముగించాలన్న పట్టుదలతో హైదరాబాద్ నుంచి వెళ్ళాను. కాలవ గట్టు పక్కన చర్చి ముందు ఒక పెద్దావిడ మజ్జిగ అందిస్తున్నారు. పరుగు ఆపకుండానే గ్లాసు అందుకోబోయాను. ఆవిడ వదల్లేదు. అది కాగితం కప్పు కాదు, స్టీలు గ్లాసు.

"పరిగెడతా తాగితే పొలమారుద్ది బాబూ. నిలబడి తాగి, గ్లాసిచ్చి వెళ్ళండి."

"టైమైపోతోందండీ!" విసుక్కుంటూనే ఆగి తాగాను.

"మా ఊరొచ్చి మజ్జిగ తాగడానికి టైము లేదాండీ?" అంటూ ఆవిడ మళ్ళీ నింపారు.

నిమిషం తేడాతో అనుకున్నది తప్పింది. ఆ కోపం సాయంత్రానికే పోయింది. ఇప్పటికీ హైదరాబాద్ పందేల్లో పరిగెడుతూ కాగితం కప్పు విసిరేసినప్పుడల్లా, గ్లాసు కోసం ఎవరో వెనక చెయ్యి చాచి నిలబడ్డట్టే ఉంటుంది.